బరువు తగ్గే ఆపరేషన్‌కి సర్జన్‌ని ఎంచుకునేటప్పుడు ముందు లీక్ గురించి అడగండి

మీరు రాసినదాన్ని బట్టి మీ పరిస్థితి ఇది. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 110 కిలోలు, అంటే బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే కొలత) దాదాపు 43. షుగర్‌కి మాత్రలు వాడుతున్నారు, రాత్రిళ్లు గురకలో ఊపిరి ఆగినట్టవుతోందని ఇంట్లోవాళ్లు అంటున్నారు, రోజూ ఛాతీలో మంట, పులితేన్పులు. ఇద్దరు సర్జన్లను కలిశారు. మొదటాయన పది నిమిషాల్లో స్లీవ్ (జీర్ణాశయాన్ని కత్తిరించి సన్నటి గొట్టంలా చేసే ఆపరేషన్) చేసేద్దాం అని వచ్చే వారానికే డేట్ ఇచ్చేశారు, ఇంతవరకూ తన చేతుల్లో ఒక్క కేసు కూడా తేడా రాలేదని ధైర్యం చెప్పారు. రెండో ఆవిడ ఎండోస్కోపీ (నోట్లోంచి కెమెరా గొట్టం పంపి లోపల చూసే పరీక్ష) చూడాలి, నిద్ర పరీక్ష చేయించాలి, డైటీషియన్‌ని కలవాలి, స్లీవా, బైపాసా (జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిలా వేరుచేసి పేగుకి అతికే ఆపరేషన్) అన్నది ఆ తర్వాతే చెప్తాను, మొత్తానికి రెండు నెలలు పడుతుంది అన్నారు. ఎవరి దగ్గరికి వెళ్లాలో తేల్చుకోలేక టెన్షన్ పడుతున్నారు.

రెండో ఆవిడ దగ్గరికి వెళ్లండి. అయితే నిదానంగా ఉన్నారన్న ఒక్క కారణానికే ఆవిడ మంచి సర్జన్ అయిపోరు. ఆవిడని కూడా కొన్ని అడగాలి. నేను బేరియాట్రిక్, అంటే బరువు తగ్గే ఆపరేషన్ల వార్డులో నర్సుగా చాలా ఏళ్లు పనిచేశాను, ఇప్పుడు అదే విభాగంలో ఆపరేషన్ అయినవాళ్ల ఫాలోఅప్ చూసుకుంటాను. ఒకే ఆపరేషన్ వేర్వేరు సర్జన్లు చేసినప్పుడు పేషెంట్లు ఎలా కోలుకుంటారో దగ్గర్నుంచి చూశాను, ఈ సలహా అక్కడి నుంచి వచ్చిందే.

సర్జన్‌ని ఎంచుకునేటప్పుడు చాలామంది ఎంత బరువు తగ్గుతాను, ఎన్ని రోజుల్లో ఇంటికి వెళ్తాను, మచ్చలు కనబడతాయా అని అడుగుతారు. అవీ అడగాల్సినవే, కానీ వాటికి ఎవరైనా దాదాపు ఒకే జవాబు చెప్తారు, దాంతో మీకు ఇద్దరి మధ్య తేడా తెలియదు. నేనైతే కూర్చోగానే మొదట అడిగే ప్రశ్న వేరే. "డాక్టర్‌గారూ, మీ పేషెంట్లలో చివరిసారి లీక్ ఎప్పుడు అయింది? ఎలా కనిపెట్టారు? తర్వాత ఏం చేశారు?"

ఎందుకంటే స్లీవ్‌లో పొట్టలో 75 నుంచి 80 శాతం దాకా కత్తిరించి తీసేస్తారు, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా పైనుంచి కిందిదాకా స్టేప్లర్ పిన్నులతో మూసేస్తారు. ఆ పొడవాటి వరసలో ఎక్కడ చిన్న సందు పడినా పొట్ట లోపలిది బయటికి, దాని చుట్టూ ఉన్న కడుపు ఖాళీలోకి కారుతుంది. దాన్నే లీక్ అంటారు. ఎక్కువగా అన్నవాహిక పొట్టలో కలిసే చోటికి దగ్గర్లో, పై కొసన అవుతుంది. చెయ్యి తిరిగిన సర్జన్ల దగ్గర నూటికి ఒకరికి, ఇంకా తక్కువమందికి వచ్చే సమస్య ఇది. కానీ వస్తే మాత్రం చిన్న విషయం కాదు, స్లీవ్ గొట్టం లోపల ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఆ సందు తొందరగా మానదు. చీము, ద్రవం బయటికి తీసే డ్రెయిన్లు, సందుని లోపలి నుంచి కప్పే స్టెంట్లు ఎండోస్కోపీతో పెట్టడం, ట్యూబ్ ద్వారా ఆహారం, ఇలా వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. బైపాస్‌లోనూ అతుకుల దగ్గర లీక్ అవ్వచ్చు. అందుకే చాలా కేసులు చేసిన ఏ సర్జన్‌కైనా దీని గురించి చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఒక్కటంటే ఒక్కటి కూడా రాలేదు అన్నారంటే, ఆయన చేసిన కేసులు తక్కువైనా అయ్యుండాలి, తర్వాత పేషెంట్లు ఏమయ్యారో చూడకైనా ఉండాలి, లేదా మీకు నిజం చెప్పకైనా ఉండాలి. మీ మొదటి సర్జన్ మాటలో నాకు నచ్చనిది అదే.

మంచి సర్జన్ ఈ ప్రశ్నకి కోపం తెచ్చుకోరు. నాకు తెలిసిన బాగా చేసేవాళ్లందరూ ఇలాంటి కేసుల్ని బాగా గుర్తుపెట్టుకుంటారు, అడగ్గానే ఏమైందో వివరంగా చెప్తారు, ఆ తర్వాత తమ పద్ధతిలో ఏం మార్చుకున్నారో కూడా చెప్తారు. నా సంఖ్య ఇది, మిగతావాళ్ల సగటు ఇది అని విడమరచి చెప్పే మనిషి లెక్క పెట్టుకుంటున్నారని అర్థం.

ఇంకో విషయం, లీక్ చాలాసార్లు ఆస్పత్రిలో ఉండగా బయటపడదు. రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపేస్తారు, తర్వాత ఒకటి రెండు వారాల్లో మొదలవుతుంది. పైగా బరువు ఎక్కువగా ఉన్నవాళ్లలో మామూలుగా కడుపు గట్టిపడడం, నొక్కితే విపరీతంగా నొప్పి రావడం లాంటి లక్షణాలు సరిగ్గా కనబడవు. చాలాసార్లు మొదట కనబడేది గుండె వేగం పెరగడమే. కూర్చుని ఉన్నా పల్స్ 120 దాటడం, జ్వరం, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం, ఏదో బాగోలేదన్న గాభరా. మా వార్డులో ఒకావిడకి జ్వరం లేదు, నొప్పి పెద్దగా లేదు, మాట్లాడుతూనే ఉన్నారు, పల్స్ మాత్రం రాత్రి 120 పైకి ఎక్కి దిగడం లేదు. సర్జన్‌కి ఫోన్ చేస్తే వెంటనే వచ్చారు. స్కాన్‌లో స్పష్టంగా ఏమీ తేలకపోయినా అనుమానం వదలక ఆ రాత్రే మళ్లీ ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్) చేసి చూశారు, లీక్ దొరికింది, ఆవిడ కొద్ది వారాల్లో నడుచుకుంటూ ఇంటికి వెళ్లారు. ఇంకో చోట ఆపరేషన్ చేయించుకున్న ఒకాయన ఇంటి నుంచి అక్కడికి ఫోన్ చేస్తే గ్యాస్ అయ్యుంటుంది, నీళ్లు తాగుతూ ఉండండి అని రెండు రోజులు గడిపేశారు. మా దగ్గరికి తీసుకొచ్చేసరికి సెప్సిస్‌లో, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీసే స్థితిలో ఉన్నారు, బతికారు కానీ నెలల తరబడి ఐసీయూకీ వార్డుకీ మధ్య తిరిగారు. ఇద్దరికీ వచ్చిన సమస్య ఒకటే. తేడా అంతా ఎవరు ఎంత తొందరగా అనుమానించారన్నదే.

కాబట్టి రెండో ప్రశ్న, ఇంటికెళ్లాక రాత్రి రెండింటికి నాకు గుండె దడగా ఉంటే ఏ నంబరుకి చేయాలి, ఎవరు ఎత్తుతారు, మీరు ఊళ్లో లేకపోతే ఎవరు చూస్తారు? ఆ చూసేవాళ్లకి కూడా ఈ ఆపరేషన్లు చేయడం వచ్చుండాలి, లేదా కనీసం ఇలాంటి పేషెంట్లని చూసిన అనుభవం ఉండాలి. ఆస్పత్రిలో ఐసీయూ ఉందా, మీ బరువుకి సీటీ స్కాన్ టేబుల్ సరిపోతుందా, స్టెంట్ వేయగల ఎండోస్కోపీ డాక్టర్ అందుబాటులో ఉంటారా, ఇవన్నీ ఆ సంభాషణలోనే అడిగేయండి. దూరంగా ఉన్న ఊళ్లో పేరున్న సర్జన్ దగ్గరికి వెళ్లాలనుకుంటే, మొదటి రెండు మూడు వారాలు అక్కడికి దగ్గర్లో ఉండగలిగితేనే వెళ్లండి.

ఇక అనుభవం. ఎన్నేళ్లుగా చేస్తున్నారు అని అడగడం కన్నా, మీకు చేయబోయే ఆపరేషన్ ఏడాదికి ఎన్ని చేస్తారు అని అడగండి. ల్యాప్రోస్కోపీలో బైపాస్‌కి చెయ్యి కుదరడానికి 75 నుంచి 100 కేసులు పడుతుందని సర్జన్లే రాసుకున్నారు. అమెరికాలో బేరియాట్రిక్ సెంటర్లకి గుర్తింపు ఇచ్చే వ్యవస్థ పూర్తిస్థాయి సెంటర్‌కి ఏడాదికి కనీసం 50 ఆపరేషన్లు ఉండాలంటుంది. వారానికి ఒకటి కూడా లేని చోట సర్జన్ ఎంత తెలివైనవారైనా, చుట్టూ ఉన్న నర్సులకి, అనస్థీషియావాళ్లకి, డైటీషియన్లకి అలవాటు తప్పుతుంది. ఆ అలవాటే రాత్రిపూట పల్స్ చూసి అనుమానించేలా చేస్తుంది.

సంఖ్య ఒక్కటే చూసినా మోసపోతాం. మిచిగాన్‌లో ఒక పరిశోధన జరిగింది, 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. 20 మంది బేరియాట్రిక్ సర్జన్లు తాము చేసిన బైపాస్ వీడియో ఒక్కొక్కటి ఇచ్చారు, చేసిందెవరో తెలియకుండా తోటి సర్జన్లు వాటిని చూసి మార్కులు వేశారు. తక్కువ మార్కులు వచ్చిన పావు వంతు సర్జన్ల పేషెంట్లలో 14.5 శాతం మందికి ఏదో ఒక కాంప్లికేషన్ వచ్చింది, ఎక్కువ మార్కులు వచ్చిన పావు వంతులో 5.2 శాతం మందికే. చేతిలో నైపుణ్యం అనేది నిజంగా ఉంటుంది, కొలవచ్చు కూడా, కాకపోతే పేషెంట్‌గా మీకు ఆ వీడియో చూసి చెప్పడం కుదరదు. దానికి దగ్గరి దారి, సర్జన్ల పక్కన నిలబడేవాళ్లని అడగడం. తెలిసినవాళ్లలో అనస్థీషియా డాక్టర్ గానీ, థియేటర్ నర్సు గానీ ఉంటే "మీ ఇంట్లోవాళ్లకి అయితే ఎవరి చేత చేయిస్తారు" అని అడగండి. వాళ్లు చెప్పే పేరుకి నేను వంద రివ్యూల కన్నా ఎక్కువ విలువ ఇస్తాను. అలాగే పెద్ద పేరున్న చోట స్టేప్లర్ పట్టుకునేది ఎవరో కూడా అడగండి, కన్సల్టేషన్‌లో ఒకరు, థియేటర్‌లో ఇంకొకరు ఉండడం జరుగుతుంది. శిక్షణలో ఉన్నవాళ్లు సాయం చేయడంలో తప్పేమీ లేదు, మీకు ముందే తెలియాలి, అంతే. రోబోతో చేస్తాం అన్నదాన్ని మాత్రం పెద్దగా పట్టించుకోకండి. అది పరికరం. మొదటిసారి చేసే స్లీవ్‌కో బైపాస్‌కో సర్జన్ ఎవరన్నదే ముఖ్యం.

మీ విషయంలో అన్నిటికన్నా నన్ను కంగారు పెట్టింది ఆ ఛాతీలో మంట. మొదటాయన దాని గురించి ఒక్క ప్రశ్నైనా అడిగినట్టు మీరు రాయలేదు. స్లీవ్ తర్వాత యాసిడ్ పైకి తన్నడం కొత్తగా మొదలవ్వచ్చు, ముందే ఉన్నవాళ్లకి పెరగచ్చు, కొందరు అది భరించలేక మళ్లీ బైపాస్‌కి మార్చుకోవాల్సి వస్తుంది. ఏళ్ల తరబడి యాసిడ్ తగిలితే కొందరిలో అన్నవాహిక లోపలి పొర మారిపోతుంది, దాన్ని బారెట్స్ అంటారు, క్యాన్సర్‌కి దారితీసే అవకాశం ఉన్న మార్పు. రోజూ మంట ఉన్న మనిషికి ఎండోస్కోపీ చేయకుండా స్లీవ్ డేట్ ఇవ్వడం నాకు తొందరపాటు అనిపిస్తోంది. హయాటస్ హెర్నియా (పొట్ట పైభాగం ఛాతీలోకి జారడం) ఉందా, అన్నవాహిక పొర ఎలా ఉంది, హెచ్ పైలోరీ (పొట్టలో అల్సర్లు తెచ్చే బాక్టీరియా) ఉందా అన్నది చూశాకే ఏ ఆపరేషన్ అన్నది తేలుతుంది. యాసిడ్ సమస్య ఉన్నవాళ్లకీ, షుగర్ ఉన్నవాళ్లకీ చాలాసార్లు బైపాస్ (పూర్తి పేరు రూ-ఎన్-వై బైపాస్) వైపే మొగ్గు చూపుతారు. దానికీ దాని తిప్పలున్నాయి. పొగ తాగినా, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వాడినా అతుకు దగ్గర అల్సర్లు వస్తాయి. ఏళ్ల తర్వాత కూడా పేగు లోపలి సందుల్లో ఇరుక్కుని మెలికపెట్టే నొప్పి రావచ్చు, అప్పుడు తొందరగా ఆపరేషన్ అవసరమవుతుంది. తీపి ఎక్కువ తింటే డంపింగ్ అని కళ్లు తిరిగి చెమటలు పట్టడం ఉంటుంది. ఇవన్నీ ముందుపెట్టి, మీ ఒంటికి ఏది ఎందుకో చెప్పే సర్జన్ కావాలి.

ఇందులోంచే ఇంకో ప్రశ్న వస్తుంది, మీరు ఏ ఏ ఆపరేషన్లు చేస్తారు? స్లీవ్ ఒక్కటే చేసేవారి దగ్గరికి వెళ్తే వచ్చిన ప్రతివాళ్లకీ స్లీవే సరిపోతుంది. మీరు ఎవరికి ఆపరేషన్ వద్దంటారు అని కూడా అడగండి. ఈ మధ్య ఎవరిని వెనక్కి పంపారో, ఎందుకు పంపారో చెప్పగలిగే సర్జన్‌ని నమ్మచ్చు. మీకు ఆపరేషన్ అర్హత ఉందా అన్న సందేహం అక్కర్లేదు. 2022లో అంతర్జాతీయ బేరియాట్రిక్ సర్జన్ల సంఘాలు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ 35 దాటితే వేరే జబ్బు లేకపోయినా ఆపరేషన్ సూచించవచ్చు, ఆసియా మూలాలవాళ్లకి 27.5 నుంచే ఆలోచించవచ్చు. కానీ అర్హత ఉండడం వేరు, సిద్ధంగా ఉండడం వేరు. మీ గురకకి నిద్ర పరీక్ష చేసి, స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు) తేలితే సీపాప్ (నిద్రలో మాస్కు ద్వారా గాలి పంపే) మెషిన్ అలవాటు చేశాకే మత్తు ఇవ్వడం మీకు క్షేమం. ఆపరేషన్‌కి ముందు సుమారు రెండు వారాలు తక్కువ కేలరీల ఆహారం ఇస్తారు, దాంతో కాలేయం కాస్త చిన్నదై సర్జన్‌కి లోపల చోటు దొరుకుతుంది. వచ్చే వారం డేట్‌లో వీటిలో ఏది జరుగుతుంది? బరువు తగ్గించే సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్ల గురించి కూడా సర్జనే ఎత్తాలి. మీరు అడిగితే కొట్టిపారేయకుండా, మీ బీఎంఐకి వాటితో ఎంత రావచ్చు, ఆపరేషన్‌తో ఎంత రావచ్చు, మందు ఆపేస్తే ఏమవుతుంది అన్నది చెప్పాలి.

శాతాల దగ్గర జాగ్రత్త. '60 శాతం బరువు తగ్గుతారు' అని మొదటాయన అన్నారని రాశారు. అది మొత్తం బరువులో కాదు, అదనపు బరువులో. మీ ఎత్తుకి బీఎంఐ 25 అంటే 64 కిలోలు, అదనం 46 కిలోలు, అందులో 60 శాతం సుమారు 28 కిలోలు. అంటే మీరు 82 దగ్గరికి రావచ్చు, 44 దగ్గరికి కాదు. మొత్తం బరువులో ఇది పావు వంతు, నిజానికి చాలా మంచి ఫలితం, షుగర్‌కీ గురకకీ పెద్ద మార్పు తెస్తుంది. ఆ లెక్క విప్పి చెప్పకుండా వదిలేస్తే మీరు ఏడాది తర్వాత బాగా తగ్గి కూడా ఓడిపోయినట్టు బాధపడతారు, అలా బాధపడినవాళ్లని చూశాను. ముందు, తర్వాత ఫొటోలు కూడా అంతే, అవి దాదాపు ఎప్పుడూ మొదటి ఏడాదివే. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి చాలా ఏళ్లు గమనించిన అధ్యయనంలో, బైపాస్ చేయించుకున్నవాళ్లు మొదటి ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం తగ్గి, పదేళ్లకి 25 శాతం దగ్గర నిలిచారు. కొంత వెనక్కి వస్తుంది, అది మామూలే. మీ పేషెంట్లు ఐదేళ్లకి ఎక్కడున్నారు, వాళ్లలో ఎంతమంది ఇంకా చెకప్‌కి వస్తున్నారు అని అడగండి. ఈ ప్రశ్నలో రెండో సగం ముఖ్యం. పదిమందిలో ఇద్దరే వస్తుంటే, ఆ ఇద్దరి ఫలితాలే సర్జన్ ఫలితాలుగా చూపిస్తున్నట్టు.

చెకప్ ఎందుకంటే, ఈ ఆపరేషన్ తర్వాత విటమిన్లు జీవితాంతం వేసుకోవాలి. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డీ, వీటికి రక్తపరీక్షలు మొదటి ఏడాది కొన్నిసార్లు, ఆ తర్వాత ఏటా. ఆగకుండా వాంతులు అయితే విటమిన్ బీ1 పడిపోయి మెదడు దెబ్బతినచ్చు, వాంతులు మామూలే అని ఊరుకునే ఆస్పత్రికి వెళ్లకూడదు. మీ షుగర్ మాత్రలు ఆపరేషన్ అయిన రోజు నుంచే తగ్గించాల్సి రావచ్చు, పాత డోసే వేసుకుంటే షుగర్ మరీ పడిపోవచ్చు, కాబట్టి డిశ్చార్జ్ అయ్యేటప్పుడు ఏ మాత్ర ఉంచాలో ఏది ఆపాలో ఎవరు రాసిస్తారో తెలుసుకోండి. వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు రావచ్చు, కొన్ని చోట్ల దానికి ఆరు నెలలు మాత్రలు ఇస్తారు. గర్భం గురించి ఆలోచన ఉంటే 12 నుంచి 18 నెలలు ఆగమంటారు, అదీ ముందే మాట్లాడాలి. ఇవి సర్జన్ ఒక్కరే చూసుకునే పనులు కావు. డైటీషియన్ ఉన్నారా, ఏడాది తర్వాత కూడా ఉంటారా, మానసిక సమస్యలు వస్తే మాట్లాడడానికి ఎవరైనా ఉన్నారా అన్నది డైటీషియన్ గదికి వెళ్లి ఐదు నిమిషాలు కూర్చుంటే తెలిసిపోతుంది.

మీరు చివర్లో రాశారు, ఇన్ని అడిగితే డాక్టర్ ఏమనుకుంటారో అని మొహమాటంగా ఉందని. దయచేసి ఆ మొహమాటం పక్కన పెట్టండి. పొట్టలో ముప్పావు వంతు తీసేస్తే మళ్లీ పెట్టడం ఉండదు, అడిగే హక్కు మీకుంది. విసుక్కునే సర్జన్, రేపు మీరు ఇంటి నుంచి గుండె దడ అని ఫోన్ చేసినా విసుక్కుంటారు.

రెండో ఆవిడ దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రల లిస్టు, పాత రిపోర్టులు, ఆపరేషన్ తర్వాత రెండు వారాలు మీతో ఇంట్లో ఉండే మనిషిని తీసుకెళ్లండి. పల్స్ ఎలా చూడాలో, ఎంత దాటితే ఫోన్ చేయాలో ఆ మనిషికి కూడా వినిపించాలి. పైవి అడిగాక ఆవిడ కూడా లీక్ గురించి మాట దాటేస్తే, రాత్రి ఫోన్ ఎవరెత్తుతారో చెప్పలేకపోతే, మూడో సర్జన్‌ని కలవండి. షుగర్ అదుపులో పెట్టుకుంటూ, నిద్ర పరీక్ష చేయించుకుని సీపాప్ మొదలుపెట్టి, ఇంకో నెల ఆగినా మీకు పోయేదేమీ లేదు.